పండుగ పంక్తిలో గృహిణికి చోటు

(ధనుర్మాస సందర్భంగా ఆలయ ప్రాంగణంలో చేసిన ఉపన్యాస పాఠం)



దీపావళి మరునాడు కార్తికం ప్రవేశించింది మొదలు సంక్రాంతి ముగిసేవరకు మన తెలుగు లోగిళ్ళకు తీరిక ఉండదు. కార్తికంలో దీపాలు, ఉసిరిచెట్టు నీడన వనభోజనాలు. డిసెంబరు నడిమికి ధనుర్మాసం వస్తుంది. తెల్లవారకముందే వాకిట కళ్ళాపి, ముగ్గు, ముగ్గు నడుమ గుమ్మడిపూలు తురిమిన గొబ్బెమ్మలు, వంటింట పొంగలి. ఆపైన భోగి, సంక్రాంతి, కనుమ. పిండివంటలు, చుట్టాల రాకపోకలు, హరిదాసుల సంకీర్తన, గంగిరెద్దుల సన్నాయి. ఈ వైభవాన్ని వర్ణించడం నా ఉద్దేశం కాదు. అది మీ అందరికీ అనుభవైకవేద్యమే. నేను మిమ్మల్ని అడగదలచినది ఒకే ఒక ప్రశ్న. నిరుడు సంక్రాంతినాడు మీ ఇంట అందరికంటె చివర భోజనానికి కూర్చున్నది ఎవరు? అప్పటికి వేళ ఎంతయినది?

ఈ ప్రశ్న నన్ను ఎందుకు వేధిస్తున్నదో చెప్పడానికి నా ఇంటి సంగతి ఒకటి విన్నవించుకుంటాను.

కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. పండుగకు వచ్చిన బంధువులెవరూ ఆనాడు ప్రయాణం కారు. కనుమనాడు మినుము తినాలని మరొక మాట. కనుక మా ఇంట ఆ రోజు గారెలు తప్పవు. నాకు పన్నెండేళ్ళ వయసున్నప్పుడు, ఒక కనుమనాడు మా ఇంట మూడు పంక్తులు లేచాయి. మొదట పిల్లలము, తరువాత పెద్దలైన మగవారు, ఆ తరువాత బంధువుల ఇంటి ఆడవారు. మా అమ్మగారు తెల్లవారుజామున నానిన పప్పు రుబ్బడానికి కూర్చున్నది మొదలు, మూడవ పంక్తి లేచేదాకా పొయ్యి వద్దనుంచి కదలలేదు. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత నేను మంచినీళ్ళకని వంటింటిలోకి వెళ్ళాను. ఆమె గోడకు ఆనుకొని కూర్చొని మజ్జిగ కలిపిన అన్నం తింటున్నారు. గారెల పళ్ళెం ఖాళీగా ఉన్నది. నేను చూశాను. చూసి, నీళ్ళు త్రాగి, గాలిపటం తీసుకొని వీధిలోకి పరుగెత్తాను.

అది పసితనం. దానికి క్షమ ఉన్నది. కాని నాకు ఉద్యోగం వచ్చి, వివాహమై, పిల్లలు పుట్టిన తరువాత కూడా ప్రతి ఏటా పండుగకు అదే ఇంటికి వెళ్ళి, అదే పంక్తిలో కూర్చొని, అవే గారెలు తిన్నాను. ఒకనాడు మాటల సందర్భంలో, “అమ్మా, ఇన్ని పిండివంటలు చేస్తావు కదా, నీకు ఏది ఇష్టం?” అని అడిగాను. ఆమె నవ్వి, “గారెలే నాయనా. అయితే వేడి గారె తిని ఎన్నేళ్ళయిందో గుర్తులేదు” అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిష్ఠూరమైనా ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది.

ఆనాటినుంచి ఈ ఆచారాలను నేను మరొక కంటితో చూడడం మొదలుపెట్టాను. మన పెద్దలు నిజంగా ఒక్క స్త్రీ నడుము విరిగేటట్లుగానే ఈ పండుగలను ఏర్పరచారా? ఆలోచిస్తే, కాదని ఆ వంటలే సాక్ష్యం చెప్పాయి.

అరిసెలను తీసుకోండి. నానిన బియ్యాన్ని వడగట్టి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. బెల్లం పాకం నీటిలో వేస్తే ఉండ కట్టే అదను చూసి దించాలి. దించిన వెంటనే ఒకరు పిండి పోస్తూ ఉంటే, మరొకరు తెడ్డుతో ఉండలు కట్టకుండా కలపాలి. ఒకరు అరటాకు మీద తట్టాలి, ఒకరు మూకుడు వద్ద వేయించాలి, ఇంకొకరు చెక్కల నడుమ నొక్కి నెయ్యి పిండాలి. అదను తప్పితే పాకం గట్టిపడుతుంది, లేదా అరిసె మూకుడులో విడిపోతుంది. ఒంటిచేతికి లొంగే వంట కాదది. తెలంగాణ ఇళ్ళలో సకినాలూ అంతే. నువ్వులు, వాము కలిపిన బియ్యపు పిండిని వ్రేళ్ళ నడుమ మెలిపెడుతూ, పరచిన గుడ్డమీద చుట్లు చుట్లుగా త్రిప్పాలి. ఇరుగుపొరుగు ఆడపడుచులు ఒకరి ఇంట ఈ రోజు, మరొకరి ఇంట రేపు చేరి, కబుర్లు చెప్పుకొంటూ చుట్టేవారు.

ముగ్గు సంగతి చూడండి. కనుమనాడు వేసే రథం ముగ్గుకు ఒక త్రాడు గీస్తారు. ఆ త్రాడును ప్రక్క ఇంటి రథంతో కలుపుతారు. ఆ ఇంటివారు తరువాతి ఇంటితో కలుపుతారు. వీధి వీధంతా ఒక్క రథమైపోతుంది. బియ్యపు పిండితో వేసిన ముగ్గు చీమలకు ఆహారం. చూరుకు, ఆలయ మండపానికి వ్రేలాడదీసే వరికంకుల కుచ్చులు పిచ్చుకలకు ఆహారం. మన శీతకాలపు అలంకారంలో కూడా పరుల ఆకలిని తలచుకోవడం ఉన్నది. చీమను, పిచ్చుకను తలచిన పెద్దలు ఇంటి ఇల్లాలిని మరచారని నేను అనుకోను.

ఇక వనభోజనం. దీనికి తలమానికమైన ఘట్టం భాగవత దశమ స్కంధంలో ఉన్నది. గోపబాలురు తమ తమ ఇళ్ళనుంచి చల్ది మూటలు తెచ్చుకొన్నారు. యమునాతీరపు ఇసుకతిన్నె మీద బాలకృష్ణుని నడుమ ఉంచుకొని, తామరపువ్వు రేకులవలె చుట్టూ కూర్చున్నారు. ఆకులు, రాళ్ళు, చెట్ల బెరళ్ళు వారికి కంచాలైనాయి. ఒకరి రుచి మరొకరికి చూపిస్తూ, నవ్వుతూ నవ్విస్తూ ఆరగించారు. యజ్ఞభోక్త అయిన స్వామి ఆ పిల్లల నడుమ వ్రేళ్ళ సందున ఊరగాయ ముక్కలు ఇరికించుకొని తానూ ఒకడై తిన్నాడు. ఆ పంక్తిలో వండి వార్చేవారు వేరు, కూర్చొని తినేవారు వేరు అన్న భేదం లేదు. కార్తికంలో ఉసిరిచెట్టు క్రిందికి మనం వెళ్ళేది ఆ భావాన్ని ఒక్క పూట అయినా అనుభవించడానికే. కాని నేడు ఏమి జరుగుతున్నది? తోటకు వెళ్ళి మగవారు పేకలు పరుస్తారు. పిల్లలు ఆడుకొంటారు. ఆడవారికి మాత్రం ఇంట ఉన్న పొయ్యి తోటలోకి మారుతుంది. వారికి అది విహారమా?

గోదాదేవి తిరుప్పావై ముప్పది పాశురాలను ఈ నెలరోజులూ వింటున్నాము. ఆ తల్లి తెల్లవారుజామున తాను మేల్కొని ఒంటరిగా స్వామి వద్దకు వెళ్ళిపోలేదు. ఆరవ పాశురం మొదలు పదిహేనవ పాశురం వరకు ఒక్కొక్క చెలి వాకిట నిలిచి, పదిమందిని మేల్కొలిపి వెంటబెట్టుకొన్నది. వ్రత ప్రారంభంలో నెయ్యి ముట్టము, పాలు త్రాగము, పూలు ముడువము, కాటుక దిద్దుకొనము అని నియమం. వ్రతం ఫలించే ఘట్టమైన ఇరువది ఏడవ పాశురంలో ఆభరణాలు, నూతన వస్త్రాలు, మోచేతివరకు నెయ్యి కారేటంత పాలబువ్వ! అయితే ఆ బువ్వను ఆమె కోరిన విధం గమనించండి. అందరూ కూడియుండి తినాలి, అప్పుడే ఉల్లం చల్లబడుతుందని భావం. వ్రతం చేసినవారే విందులోనూ కూర్చున్నారు.

కొందరు పెద్దలు, “గృహిణి చివర భుజించడం శాస్త్రసమ్మతం కదా” అంటారు. శాస్త్రం ఏమన్నదో పూర్తిగా చూద్దాము. మనుస్మృతి మూడవ అధ్యాయం గృహస్థుని అతిథిధర్మాన్ని వివరిస్తూ, కొత్తకోడళ్ళకు, బాలికలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటె ముందే అన్నం పెట్టమన్నది. అతిథులు, బంధువులు, సేవకులు భుజించిన తరువాత, మిగిలినదానిని దంపతులు భుజించాలని చెప్పింది. దంపతులు అన్నది, ఒక్క భార్య అనలేదు. శేషభోజనం భార్యాభర్తలు ఇద్దరికీ విధించిన ధర్మం. మనము సగం ధర్మాన్ని ఆమెకు వదలి, మిగిలిన సగాన్ని మొదటి పంక్తిలోనే మ్రింగివేశాము. ఈ మాట ముందుగా నాకు నేను చెప్పుకొంటున్నది.

ఉమ్మడి కుటుంబాలలో ఐదారు జతల చేతులు ఉండేవి. కుటుంబాలు చిన్నవైనాయి, చేతులు తగ్గాయి. వంటల జాబితా మాత్రం తగ్గలేదు. ఆనాడు ఆనందమైన పని ఈనాడు భారమైనది ఇందువల్లనే. కనుక నా విన్నపాలు కొన్ని చిత్తగించండి.

మొదటిది, ఇంట ఎన్ని చేతులు పనికి వస్తాయో లెక్కించి, దానినిబట్టి వంటలు నిర్ణయించండి. ఇద్దరే ఉంటే రెండు వంటలు చాలును. స్వామి సంఖ్యను లెక్కించడు. ధనుర్మాసపు పొంగలినే చూడండి. సోలెడు బియ్యానికి అరసోలెడు పెసరపప్పు దోరగా వేయించి కలిపి, మెత్తగా ఉడికించి, నేతిలో వేయించిన మిరియాలు, జీలకర్ర, అల్లం చేర్చితే చాలును. ఒక్క గిన్నె, ఒక్క పొయ్యి. చలికి ఒంట వెచ్చదనం, స్వామికి నైవేద్యం, ఇంటిల్లిపాదికీ ప్రసాదం.

రెండవది, వనభోజనానికి వెళ్ళేటప్పుడు గోపబాలురవలె ఇంటికొక వంటకం వండి తీసుకువెళ్ళండి. చెట్టు క్రింద వడ్డన మగవారు, యువకులు చేపట్టండి. విస్తరాకులలో భుజించండి. పూజకని ఉసిరికొమ్మలు విరవకండి. మీరు లేచిన తరువాత ఆ చోటు మీరు వచ్చినప్పటికంటె శుభ్రంగా ఉండాలి.

మూడవది, అతిథులుగా వెళ్ళేవారు ముందుగా కబురు చేసి వెళ్ళండి. వెళ్ళిన ఇంట ఏదో ఒక పనికి చేయి కలపండి. అతిథిని దేవునిగా భావించమని తైత్తిరీయోపనిషత్తు విద్య ముగించిన శిష్యునికి చెప్పింది. తనను దేవునిగా భావించుకొమ్మని అతిథికి చెప్పలేదు.

నాల్గవది, ముగ్గు వేయడం, పిండి కలపడం మగపిల్లలకూ నేర్పండి. ఆలయాలలో స్వామికి నైవేద్యం వండేది పురుషులే కదా! అక్కడ పవిత్రమైన పని ఇంట నామోషీ ఎట్లా అవుతుంది?

చివరిది, నైవేద్యమైన తరువాత వీలైనంతవరకు అందరూ ఒకే పంక్తిలో కూర్చోండి. వీలుకాని నాడు, గృహిణి భుజించేవరకు గృహస్థుడు ఆగాలి. ఇక్కడ ఉన్నవారిలో నిత్యాన్నదానానికి ఉదారంగా విరాళాలిచ్చే దాతలు అనేకులు ఉన్నారు. ముఖమైనా ఎరుగని యాత్రికుని ఆకలిని తలచగల హృదయం మీది. ఆ దయలో ఒక ముద్ద ఇంట పొయ్యి వద్ద ఉన్న తల్లికీ చెందాలి.

మా అమ్మగారు ఇప్పుడు లేరు. ఆమె పోవడానికి రెండేళ్ళ ముందు వచ్చిన కనుమనాడు నేను, నా భార్య కలసి పప్పు రుబ్బాము. అమ్మను వంటింటి గుమ్మం వద్ద కుర్చీలో కూర్చుండబెట్టి, నేను పొయ్యి వద్ద కూర్చున్నాను. నా గారెలకు చిల్లు సరిగా పడలేదు. ఒకటి గుండ్రంగా, ఒకటి కోలగా వచ్చింది. నైవేద్యం కాగానే మరొక వాయి వేసి, మూకుడులోనుంచి తీసిన గారెను పళ్ళెంలో పెట్టి ఆమె చేతికి ఇచ్చాను. ఊదుకొంటూ నెమ్మదిగా తిన్నారు. “ఉప్పు తక్కువైనది నాయనా” అన్నారు. మరొకటి పెట్టమని పళ్ళెం చాచారు.

ఆ రెండవ గారె పెట్టిన క్షణంకంటె మిన్నయైన పండుగను నేను ఎరుగను. అయితే అటువంటి కనుమలు నాకు రెండే దక్కాయి. ముప్పది ఏళ్ళు నేను పోగొట్టుకొన్నాను. మీలో ఎందరికో ఇంకా తల్లి ఉన్నది, భార్య ఉన్నది, అక్క ఉన్నది, కోడలు ఉన్నది. సంక్రాంతి ముంగిట ఉన్నది. ఈ ఏడు మీ ఇంటి పంక్తిలో ఆమెకు విస్తరి వేయండి. వేసి, కూర్చోమని చెప్పి, మీరు వడ్డించండి.

శ్రీవారి కృప మీ అందరి ఇళ్ళపై ఉండుగాక అని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.

స్వస్తి.