ప్రమాదం దాటినా భయం వదలకపోతే

తిరుత్తణి, తిరువళ్లూరు, పళ్లిపట్టు, ఊత్తుకోట వైపు ఉంటున్న మన తెలుగువాళ్లతో ఈ పూట ఒక ముఖ్యమైన సంగతి మాట్లాడాలి.

2024 అక్టోబర్ 11 రాత్రి మన తిరువళ్లూరు జిల్లాలోని కవరైపేట స్టేషన్లో బాగ్‌మతి ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సు బండిని గుద్దుకుంది. 2025 జూలై 13 తెల్లవారుజామున తిరువళ్లూరు దగ్గర డీజిల్ తీసుకెళ్తున్న గూడ్సు పట్టాలు తప్పి తగలబడింది. రెండిట్లోనూ ప్రాణాలు పోలేదు. దేవుడి దయ అనుకున్నాం, సరే. కానీ ఒంటిమీద గీత పడకుండా బయటపడి, ఆ తర్వాత కంటిమీద కునుకు లేకుండా ఉన్నవాళ్లను ఎవరు లెక్కపెడతారు?

తిరుత్తణి నుంచి రోజూ లోకల్ ఎక్కి చెన్నైకి పనికి వెళ్లే ఒక మనిషి అలాంటి ప్రమాదంలోంచి బయటపడ్డాడనుకుందాం. రాత్రిళ్లు అదే పీడకల. పగలు గూడ్సు కూత వినబడితే చేతిలో గ్లాసు జారిపోతుంది. ఎవరైనా వెనక నుంచి భుజమ్మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి అరుస్తాడు. బిడ్డలమీద ఊరికే కసురుకుంటాడు. రైలు మానేశాడు, స్టేషన్ వీధిలోకి కూడా పోడు. ఇంట్లోవాళ్లేమో ‘దడుచుకున్నాడు, దిష్టి తీస్తే పోతుంది’ అంటారు.

మొదటి కొన్ని వారాలు ఇలా ఉండటం సహజం. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. నెల దాటినా తగ్గక, పనికీ సంసారానికీ అడ్డుపడుతుంటే, దాన్నే వైద్యులు పీటీఎస్‌డీ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఘోరమైన అనుభవాలు ఎదురైనవాళ్లలో సుమారు 5.6 శాతం మంది ఈ జబ్బు పాలవుతారు. ఇది పిరికితనం కాదు, పిచ్చి అంతకన్నా కాదు. ప్రమాదం ముగిసినా మెదడు ఇంకా కాపలా మానలేదు, అంతే. పిల్లల్లో ఇది వేరేలా బయటపడుతుంది: ఆ ప్రమాదాన్నే మళ్లీ మళ్లీ ఆటగా ఆడతారు, మానేసిన అలవాటు తిరగబెట్టి పక్క తడుపుతారు.

ఇక్కడే ఇంట్లోవాళ్లు ప్రేమతోనే ఒక పొరపాటు చేస్తారు. ‘ఆ మాట ఎత్తొద్దు, రైలు ఎక్కొద్దులే’ అని అన్నిటికీ అడ్డం నిలబడతారు. తప్పించుకు తిరిగేకొద్దీ భయం పెరుగుతుంది. అలాగని పట్టుకెళ్లి ఒక్కసారిగా రైలెక్కించడమూ తప్పే. జరిగింది చెప్పమని మొదటి రోజే నిలదీయకూడదు. చెప్పబోతే ఆపకూడదు. పక్కన కూర్చుని వినండి, చాలు.

అసలు వైద్యం మాటలతోనే. శిక్షణ ఉన్న మనస్తత్వ నిపుణులు జరిగినదాన్ని భద్రంగా, కొంచెం కొంచెంగా చెప్పిస్తారు. ‘నేను ఆ బోగీలో ఎక్కకుండా ఉండాల్సింది’ లాంటి నిందలను కలిసి పరిశీలిస్తారు. తర్వాత మెట్టు మెట్టుగా భయం ఎదుటికి తీసుకెళ్తారు: ఒక రోజు స్టేషన్ గేటు దాకా, ఇంకొన్నాళ్లకు ప్లాట్‌ఫారం మీద కాసేపు, ఆ తర్వాత తోడు పెట్టుకుని అరక్కోణం దాకా. కళ్ల కదలికలతో చేసే ఈఎండీఆర్ అనే పద్ధతి కూడా ఉంది. అవసరమైతే డాక్టరు సెర్ట్రలిన్ లాంటి మందు రాస్తారు. దాని గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, నడుమ ఆపకండి. నిద్రమాత్రలు సొంతంగా కొని మింగడం, సారాతో మరిచిపోవాలనుకోవడం జబ్బును ముదరబెడతాయి. తాయెత్తు కట్టుకోండి, కొండెక్కి మురుగన్‌కి మొక్కుకోండి, వద్దనను. కానీ డాక్టరు దగ్గరికీ వెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలంటారా? తిరువళ్లూరులో 2022లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. చెన్నైలో కీళ్పాక్కం మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. కదలలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ అది, ఉచితం, రాత్రింబగళ్లు పలుకుతుంది. మనం బజార్లో తమిళం మాట్లాడినా, గుండెల్లో బాధ బయటికొచ్చేది ఇంట్లో మాట్లాడే తెలుగులోనే. ఆ ఫోన్లో తెలుగు ఎంచుకోవచ్చు, మొహమాటపడకండి. చచ్చిపోవాలన్న మాట నోట వస్తే మాత్రం నెల దాకా ఆగొద్దు, మనిషిని ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇంట్లో అన్నయ్యో, వదినో, మీరో ఇలా నెలకు పైగా నలుగుతుంటే ఈ వారమే ఒక అడుగు వేయండి. నయమయ్యే జబ్బుతో ఏళ్లకు ఏళ్లు బాధపడాల్సిన ఖర్మ ఎవరికీ లేదు.