వ్యాధిశేషము - పైపూత మందులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



ఋణశేషము, అగ్నిశేషము, వ్యాధిశేషము నిలుపరాదని పెద్దలందురు. మిగిలిన అప్పు వడ్డీతో పెరుగును. మిగిలిన నిప్పురవ్వ గడ్డివామిని కాల్చును. మిగిలిన వ్యాధి మాత్రము తన్ను చంపవచ్చిన మందునే జయించు విద్య నేర్చికొని వచ్చును.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో మిరప కల్లములందును, బొగ్గుగనులందును చెమటోడ్చువారికి సెగగడ్డలు, చీముకురుపులు క్రొత్తవి కావు. వీనికి తరచుగా మూలమగు సూక్ష్మజీవి పేరు స్టెఫైలోకోకస్. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తివలె కనిపించుటచే గ్రీకు భాషనుండి ఆ పేరిడిరి. ఆరోగ్యవంతుల ముక్కులో సైతము ఇది కాపురముండి, చర్మము చిట్లినచోట లోనికి చొరబడును.

సుశ్రుతుడు వ్రణచికిత్సకు అరువది ఉపక్రమములు చెప్పెను. అందు లేపనమొకటి, పండిన గడ్డను శస్త్రముతో భేదించుట మరియొకటి. నేటి వైద్యమును ఈ వివేకమునే పాటించును. పైపై పుండుకు లేపనము చాలును. లోతుగా చీముపట్టిన గడ్డకు ఎంత పూసినను ఫలము లేదు. వైద్యుడు కోసి చీము తీయవలసినదే.

1928లో ఫ్లెమింగు పెన్సిలినును కనుగొన్నది ఈ సూక్ష్మజీవిని పెంచుచున్న పాత్రలోనే. 1948లో ఆరియోమైసిను వెల్లడియయ్యెను. దానిని అమెరికాలోని మిసోరి మట్టినుండి వెలికితీసినవాడు డగ్గరు. ఆ పని జరిగిన లెడర్లీ సంస్థలో పరిశోధనాధిపతి, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. బంగారు వన్నెగల ఆ మందును మలాముగా పుండ్లకును వాడిరి. అది తెలుగువారికి గర్వకారణము. కాని పదియేండ్లు తిరుగకమునుపే ఆస్పత్రులలోని స్టెఫైలోకోకస్ అనేకచోట్ల దానికి లొంగుట మానెను. 1959లో మెథిసిలిను వచ్చెను. 1961 నాటికే ఇంగ్లండున దానిని ధిక్కరించు జాతి బయలుపడెను. దానినే ఎం.ఆర్.ఎస్.ఎ. అందురు.

అట్టి మొండి జాతిపైనను పనిచేయు పైపూతలు ముఖ్యముగా రెండు: 1962లో డెన్మార్కున వచ్చిన ఫ్యూసిడిక్ ఆమ్లము, 1985లో బ్రిటనున వచ్చిన ముపిరోసిను. ముపిరోసిను, స్టెఫైలోకోకస్ తనకు కావలసిన మాంసకృత్తులను తయారుచేసికొననీయదు. అయినను ఈ రెంటిని ధిక్కరించు జాతులును ఇప్పటికే పుట్టినవి.

ఇది ఎట్లు జరుగును? లక్షల సూక్ష్మజీవులలో ఏవో కొన్ని మందుకు తాళగలవు. అక్కరలేనిచోట, అక్కరలేనన్ని నాళ్లు పూసినచో తక్కినవి చచ్చి, ఆ కొన్నియే వర్ధిల్లును. ఈ సత్యము రైతుకు క్రొత్త కాదు. ఈ మూడు పట్టణములును వరంగల్లు జిల్లాలో నున్న 1997-98 పంటకాలమున, మందుమీద మందు చల్లినను పత్తిపురుగు చావక, అప్పులపాలై రైతులు ప్రాణములు తీసికొనిరి. చేనియందు జరిగినదే చర్మముపైనను జరుగును.

కావున తామరకు, గజ్జికి ఈ మలాములు పూయరాదు; తామర బూజు వలనను, గజ్జి పురుగు వలనను కలుగును. దుకాణమున అడిగి తెచ్చు కలగలుపు మలాములు పెక్కింట స్టెరాయిడు ఉండును. అది దురదను అణచి రోగమును దాచును. పొరుగింట మిగిలిన మలాము వాడరాదు. వైద్యుడు చెప్పినన్ని దినములే పూయవలెను. ముపిరోసిను సాధారణముగా పది దినములకు మించరాదు. తక్కువైన వ్యాధి శేషించును, ఎక్కువైన మందు చెడును. పుండును కప్పియుంచి, చేతులు సబ్బుతో కడిగికొని, తువాలు వేరుగా నుంచుకొనవలెను. జ్వరము వచ్చినను, ఎరుపు ప్రాకినను, మధుమేహమున్నను జాగుచేయరాదు. మహబూబాబాదున 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. వైద్యుడు కోరినచో చీమును పరీక్షకీయవలెను; ఏ మందుకు లొంగునో అది తెలుపును.

గ్రంథాలయ పుస్తకమును ఒకరు చించినచో నష్టము తరువాతి పాఠకునిది. మందు శక్తియు అట్టి ఉమ్మడి సొత్తే. దానిని చెడనీయక పిల్లలకు అప్పగించుట ఊరందరి ధర్మము.

స్వస్తి.