అడవిపంది సంసారం



పిల్లవాడు ఒళ్లంతా బురద పూసుకుని ఇంటికొస్తే "ఏమిట్రా ఇది, పందిలాగా!" అని కసురుకుంటాం. నిజానికి పంది బురదలో పొర్లేది శుభ్రం తెలియక కాదు. మనకు పట్టినట్లు దానికి చెమట పట్టదు. ఎండకు కాగిన ఒళ్లు చల్లబరుచుకోవడానికీ, పట్టుకున్న పురుగులను వదిలించుకోవడానికీ అది బురదస్నానం చేస్తుంది.

మన రాజమండ్రి దాటి మన్యం దారి పడితే రంపచోడవరం, మారేడుమిల్లి అడవుల్లోనూ, పాపికొండల్లోనూ అడవిపందులున్నాయి. వాటి సంసారం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మందలో పెత్తనం ఆడవాళ్లదే! పెద్ద ఆడపంది, దాని కూతుళ్లు, వాళ్ల పిల్లలు కలిసి ఉంటారు. ఎదిగిన మగపంది ఒంటరిగా తిరుగుతూ, జతకట్టే రోజుల్లో మాత్రం మందను చేరుతుంది.

తల్లి సుమారు నాలుగు నెలలు మోస్తుంది. పురిటివేళకు మందను విడిచి, చాటైన చోట గడ్డీ, ఆకులూ, రెమ్మలూ పోగుచేసి పాన్పు అమర్చుకుంటుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు పిల్లలు. పిల్లల ఒంటిమీద చారలుంటాయి. ఆకుల నీడల్లో పడుకుంటే కంటికి ఆనవు. కొద్దిరోజులకు తల్లి పిల్లలతో మందకు తిరిగివస్తుంది. అక్కడ ఒకరి పిల్లలకు మరొకరు పాలివ్వడం కూడా ఉంది. మన ఉమ్మడి కుటుంబాలు గుర్తుకు రావడం లేదూ?

మూతితో నేల తవ్వి దుంపలు, వేర్లు, పురుగులు తింటుంది. ఆ తవ్వకంతో అడవి నేల గుల్లబారుతుంది. పులికీ, చిరుతకూ, రేసుకుక్కలకూ అదే ఆహారం.

అయితే రైతు బాధా చిన్నది కాదు. మంద పడితే ఆరుగాలం కష్టం ఒక్క రాత్రిలో నేలపాలు. కొండరెడ్లు మంచెలెక్కి రాత్రంతా జాగారం చేస్తారు. కొన్నిచోట్ల విసిగిపోయి చేనుచుట్టూ కరెంటు తీగ పెడుతున్నారు. ఆ తీగ పందినే కాదు, పశువులను, చీకట్లో చేనుకు వెళ్లిన మనిషినీ బలిగొంటుంది. పాలిచ్చే తల్లి చచ్చిపోతే పాన్పులోని పసికూనలు ఆకలితో మాడిపోతాయి.

మనం పట్నంలో కూర్చుని ఏం చేయగలం అంటారా? అడవి మాంసమని ఎవరైనా గుట్టుగా తెచ్చి అమ్మితే కొనకుండా ఉండగలం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేని వేటా నేరమే, ఆ మాంసం కొనడమూ నేరమే. కొనేవాళ్లుంటేనే గదా ఉచ్చులు పన్నేది! పంట పోగొట్టుకున్న రైతుకు పరిహారం వేళకు అందాలని గట్టిగా అడగనూ గలం.

రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుడి వంశం, తూర్పు చాళుక్యులు, తమ రాగిశాసనాల ముద్రమీద వరాహాన్నే నిలుపుకున్నారు. మన పెద్దలు లెక్కపెట్టుకున్న వరహాలకు ఆ పేరు వచ్చిందీ దానివల్లనే. ముద్రమీదా, నాణెంమీదా గౌరవించిన ప్రాణికి అడవిలో కాస్త చోటు ఉంచలేమా? ఈసారి పిల్లవాణ్ణి కసిరేముందు ఆ తల్లిని ఒక్కసారి తలచుకోండి.