ఇంగ్లీషు పలుకుబళ్ళు – మన పలుకుబళ్ళు



'చేతికి ఎముక లేని మనిషి' యనగానే మనకు రోగి గుర్తునకు రాడు. దాత గుర్తునకు వచ్చును. ఆంగ్లమునను ఇట్టి పలుకుబళ్ళు పెక్కులు గలవు. పదపదమునకు అర్థము వెదకినచో అవి చేజిక్కవు.

'ఎలెవెన్త్ అవర్' అనగా గడియారపు 11 గంటలు కాదు. మత్తయి సువార్త 20వ అధ్యాయమున ద్రాక్షతోట కూలీల కథ కలదు. అచ్చట పగటిని 12 గంటలుగా లెక్కించెడివారు. 11వది ప్రొద్దు గ్రుంకుటకు ముందరిది. కావున కట్టకడపటి సమయమని భావము. 'దరఖాస్తును ఎలెవెన్త్ అవర్ వరకు ఉంచకుడు' అను ప్రకటన చదివి, 11 గంటలలోపల చేరిన చాలునని కడపటి దినము దాక కూర్చున్న కుర్రవానికి ఉద్యోగము దక్కకపోవచ్చును.

క్రీ.పూ. 49లో జూలియస్ సీజరు సేనతో రూబికాన్ అను చిన్న యేటిని దాటెను. అది రోము శాసనమునకు విరుద్ధము. ఇక మరలుటకు వీలు లేదు. అందుచే 'క్రాసింగ్ ది రూబికాన్' అనగా వెనుదీయరాని యడుగు వేయుట. మన కాకతాళీయ న్యాయమునకు వలెనే దీని వెనుకను కథ కలదు. కథ తెలిసిన మాట మఱపునకు రాదు.

కొన్నిటికి మన పలుకే చాలును. 'సిట్టింగ్ ఆన్ ది ఫెన్స్' మన గోడమీది పిల్లి. గ్రుడ్డు పీల్చుట అవ్వకు నేర్పవలదని వారందురు. తాతకు దగ్గులు నేర్పవలదని మనమందుము.

విద్యార్థులారా! జమాఖర్చు పుస్తకమువలె ఒక ప్రక్క వారి పలుకుబడిని, రెండవ ప్రక్క మనదానిని వ్రాయుడు. జోడు దొరకనిచోట ఖాళీ విడిచి, యింటి పెద్దల నడుగుడు. ఆంగ్లమెరుగని అవ్వయు ఆ ఖాళీని నింపగలదు.