క్రెష్ సెలవులు - ఫీజు ఎవరి నెత్తిన?

(శ్రామిక మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను స్త్రీల పని హక్కు మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద విషయం ఎత్తుకోను. పోయిన దసరాకి మేం పనిచేసే బస్తీలో వచ్చిన ఒక తగాదా గురించి చెప్తాను. దాన్ని తీర్చబోయి నేను ఒక పొరపాటు చేశాను. అది మీ ముందు ఒప్పుకోవాలనే ఈ విషయం ఎంచుకున్నాను.

హైదరాబాద్‌లోని ఆ బస్తీలో ఒకావిడ రెండు గదులు అద్దెకు తీసుకుని క్రెష్ నడుపుతోంది. 18 మంది పిల్లలు. నెలకు 1,500 రూపాయల ఫీజు. తల్లుల్లో ఎక్కువమంది కుట్టు కంపెనీలో పనిచేస్తారు. నలుగురైదుగురు ఇళ్లలో పాచిపని చేస్తారు. ఒకామె ఆస్పత్రిలో కాంట్రాక్టు స్వీపరు. బతుకమ్మ, దసరా కలిపి బళ్లకిచ్చినట్టే తనూ 13 రోజులు సెలవులని ఆవిడ తలుపు మీద కాగితం అంటించింది. ఫీజు మాత్రం నెలంతటికీ కట్టాలంది. కుట్టు కంపెనీ పండక్కి ఇచ్చింది రెండు రోజులు. ఆస్పత్రి స్వీపరుకి పండగ రోజూ డ్యూటీయే.

"మూసిపెట్టి పైసలడుగుతుంది. పిల్లగాన్ని యాడ పెట్టాలె అక్కా? పక్కింటామెకు దినాం వంద ఇస్తున్న. మల్ల ఈమెకు గూడ కట్టాల్నా?" అని ఆ స్వీపరు అడిగింది. ఆ మాటలో న్యాయం కనిపించింది. పది మందిమి కలిసి వెళ్లి, మూసిన రోజులకు ఫీజు ఇవ్వబోమని గట్టిగా చెప్పాం. ఆవిడ ఎక్కువ వాదించలేదు. సగం ఫీజే తీసుకుంది. సంఘం బలం చూపించామని ఆ సాయంత్రం సంతోషంగా టీ తాగాం కూడా.

నెల తిరిగాక క్రెష్‌లో పనిచేసే ఆయమ్మ మా ఆఫీసుకొచ్చింది. "పండుగ జీతం గోసిండ్రక్కా. మీరే జెప్పిండ్రంట గద" అంది. కోపంగా కూడా అనలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అప్పుడు వెళ్లి నడిపే ఆవిడ దగ్గర లెక్కలు చూశాను. ఆ పని ముందే చెయ్యాల్సింది. 18 మంది ఫీజు కలిపితే 27,000. అద్దె 8,000. ఇద్దరు ఆయమ్మలకు ఆరేసి వేలు. పాలు, గ్యాసు, కరెంటు, ఫినాయిలు కలిపి నాలుగు వేలదాకా. ఆవిడకి మిగిలేది మూడు వేలు. సగం ఫీజు వస్తే 13,500. ఇంటి ఓనరు బతుకమ్మ అని అద్దె తగ్గించడు. అద్దె పోగా మిగిలిన 5,500తో ఇద్దరి జీతాలు, పాల బాకీ ఎలా తీరతాయి? కోత ఎక్కడ పడాలో అక్కడే పడింది. అందరికన్నా తక్కువ తీసుకునే మనిషి మీద. ఆవిడ తన మూడు వేలూ వదులుకున్నా ఈ లెక్క కుదరదు.

పండగ సెలవులకు కూలీ కోయకూడదని మన రాష్ట్రంలో 1974లోనే చట్టం చేశారు. ఫ్యాక్టరీలో ఆ సెలవు కోసం కార్మికులు కొట్లాడితే దాన్ని హక్కన్నాం. పిల్లల ముడ్డి కడిగే ఆయమ్మ దగ్గరికొచ్చేసరికి "పని లేని రోజుకి డబ్బెందుకు" అన్నాం. అన్నది యజమానులు కాదు, మేమే. పిల్లల్ని చూసుకోవడం అసలు పనే కాదని, ఏ ఆడదైనా ఊరికే చేసేదేనని మన బుర్రల్లో కూడా ఎంత లోతుగా ఉందో నాకు ఆ రోజు అర్థమైంది.

మళ్లీ తల్లులందర్నీ కూర్చోబెట్టాం. మొదట కేకలేశారు. కొట్టు మూస్తే సరుకు కొంటామా అని ఒకామె అడిగింది. జవాబు నేను చెప్పలేదు. ఇళ్లలో పనిచేసే ఆమె చెప్పింది. "ఎండాకాలం మా సారోళ్లు ఊరికి పోయి పదిహేను దినాల జీతం గోస్తరు. పని నేను బంద్ పెట్టిన్నా, వాళ్లు పెట్టిండ్రా అని కొట్లాడుతున్న. ఈమెకు గోస్తె నేను ఆ మాట ఏ మొకం పెట్టుకొని అడగాలె?" ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అలాగని తల్లులే కట్టాలని తీర్పు చెప్పేసి లేచిపోతే అదీ అన్యాయమే. దినాం వంద ఇచ్చిన ఆ స్వీపరు రెండుసార్లు కట్టింది కదా! ఇంకో మాట. ఈ తగాదా మొత్తంలో ఒక్క తండ్రి కూడా మా గడప తొక్కలేదు. క్రెష్ ఫీజు ఆమె జీతంలోంచి పోవాల్సిన ఖర్చని అన్ని ఇళ్లలోనూ తేలిపోయి ఉంది. ఇద్దరు పేద ఆడవాళ్లు వెయ్యిన్నర రూపాయల కోసం కొట్టుకుంటుంటే, నిజంగా కట్టాల్సిన వాళ్లు ఆ గదిలోనే లేరు.

ఎవరు వాళ్లు? 1948 ఫ్యాక్టరీల చట్టాన్ని 1976లో సవరించి, 30 మందికి మించి ఆడవాళ్లుంటే యాజమాన్యం క్రెష్ పెట్టాలని రాశారు. ఆ లెక్క దాటకుండా కొందర్ని పుస్తకంలో చూపి, మిగిలినవాళ్లని కాంట్రాక్టరు కింద రాయడం మనందరికీ తెలిసిన విద్యే. 2017లో ప్రసూతి సౌకర్యాల చట్టాన్ని సవరించి, ఆడా మగా కలిపి 50 మంది ఉద్యోగులుంటే క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చన్నారు. (తండ్రి వెళ్లడం మాత్రం రాయలేదు!) 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ అదే 50. కంపెనీ తన క్రెష్ నడిపితే కంపెనీ తెరిచిన ప్రతి రోజూ క్రెష్ తెరిచే ఉంటుంది. ఆయమ్మలకు వంతులవారీగా సెలవులు దొరుకుతాయి. సెలవుల ఫీజు అన్న తగాదాయే పుట్టదు. ఇళ్లలో పనిచేసేవాళ్లకి మాత్రం ఏ 50 లెక్కా వర్తించదు. వాళ్ల విషయంలో బాధ్యత ప్రభుత్వానిదే.

ప్రభుత్వం ఏం చేసిందంటే, 2006లో రాజీవ్ గాంధీ పేరుతో క్రెష్‌ల పథకం మొదలుపెట్టింది. 2017లో దాన్ని జాతీయ క్రెష్ పథకం చేసింది. నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉండాలని అందులో రాశారు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకి ఫీజు 20 రూపాయలే. వినడానికి బాగుంది. కాని అక్కడ పనిచేసే ఆమెకు గౌరవ వేతనం నెలకు 3,000, సహాయకురాలికి 1,500 అన్నారు. తల్లికి తగ్గించిన డబ్బు ఆయమ్మ దగ్గర వసూలు చేశారన్నమాట. 2022 నుంచి పాల్నా పేరుతో అంగన్‌వాడీలకే క్రెష్‌లు జతచేస్తున్నారు. మా బస్తీకి ఇంకా రాలేదు.

2025లో తెలంగాణలో మే నెలంతా అంగన్‌వాడీలకు సెలవులిచ్చారు. మా తల్లులు కొందరు దానికీ సణిగారు. ఆ ఎండల్లో రేకుల కింద కూర్చునే టీచరుకి, ఆయాకి ఒక నెల విశ్రాంతి ఎవరు కాదంటారు? ఆంధ్రలో 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేసింది వాళ్లే. గ్రాట్యుటీ వాళ్లకీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది. వాళ్ల సెలవుని అడ్డుకోకూడదు. ఆ నెలకి పిల్లల్ని ఎవరు చూస్తారో ప్రభుత్వాన్ని అడగాలి.

మా క్రెష్ సంగతి చెప్పి ముగిస్తాను. సెలవులు 13 నుంచి ఐదుకి తగ్గాయి. మిగతా ఎనిమిది రోజులు ఆయమ్మలు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఫీజు పన్నెండు నెలలూ పూర్తిగా కట్టాలి, జీతం కోయకూడదు. చేర్చుకునేటప్పుడే ఇదంతా కాగితం మీద రాసివ్వాలి. నడిపే ఆవిడ తన సొంత పనికి మూసిన రోజులకు మాత్రం ఫీజు ఉండదు. ఆయమ్మలకు కోసిన డబ్బులో సగం తల్లులు చందా వేసి ఇచ్చారు, సగం ఆవిడ ఇచ్చింది.

ఆస్పత్రి స్వీపరు ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. రెండు నెలలు చూసి పిల్లవాణ్ణి మాన్పించింది. ఇప్పుడు వాణ్ణి ఐదో తరగతి చదివే అక్క చూసుకుంటోంది, బడి మానేసి. రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. ఫీజు తగ్గించమని క్రెష్ ఆవిణ్ణి అడగడానికి నాకు నోరు రాలేదు. కాంట్రాక్టరుని అడిగితే అది తన పని కాదన్నాడు.

కుట్టు కంపెనీలో వందకు పైగా ఆడవాళ్లు పనిచేస్తున్నారు, క్రెష్ లేదు. కార్మిక శాఖకి అర్జీ రాయడానికి వచ్చే ఆదివారం మా ఆఫీసులో కూర్చుంటున్నాం. ఆయమ్మలిద్దరూ వస్తామన్నారు. ఆస్పత్రి కాంట్రాక్టు కాగితాలు చదవగలిగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే వాళ్లు కూడా రావాలి.