చమురు సెస్సు ఎక్కడికి పోతోంది?

రాజమహేంద్రవరంలో చమురు గురించి ఓనమాలు చెప్పక్కర్లేదు. కోనసీమ కొబ్బరితోటల మధ్య రిగ్గులు మీరు చిన్ననాటి నుంచీ చూస్తున్నవే. ఆ బావుల్లో తీసిన ముడిచమురు మీద కేంద్రం వసూలు చేసే సెస్సు గురించి మాత్రం పెద్దగా చర్చ జరగదు. ఇవాళ ఆ సంగతే చెబుతాను.

1973లో అరబ్బు దేశాలు సరఫరా బిగించేసరికి చమురు ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగింతలైంది. మన నేలలో మనమే వెతుక్కోవాలి, దానికి డబ్బు కావాలి. అందుకని 1974లో పార్లమెంటు చమురు పరిశ్రమ అభివృద్ధి చట్టం చేసింది. ఆ చట్టం కింద మరుసటి జనవరిలో చమురు పరిశ్రమ అభివృద్ధి బోర్డు ఏర్పడింది. దేశంలో తీసే ముడిచమురు మీద టన్నుకింత అని సెస్సు వేయాలి. ఆ సొమ్ముతో అన్వేషణకు, రిఫైనరీలకు, పరిశోధనకు అప్పులు, గ్రాంట్లు ఇవ్వాలి. మొదట్లో టన్నుకు 60 రూపాయలు. 2012 నాటికి 4,500. అంటే బ్యారెల్‌కు 600 రూపాయల పైమాటే. 2016 మొదట్లో బ్యారెల్ ధర 30 డాలర్లకు పడిపోయినా ఆ 600 తగ్గలేదు. చివరికి ఆ మార్చిలో ధర మీద 20 శాతంగా మార్చారు. దిగుమతి చమురుకు ఈ సెస్సే లేదు. మనం వాడే చమురులో నూటికి ఎనభై పాళ్లకు మించి దిగుమతే. ఇక్కడ తవ్వినవాళ్ల మీద బరువు వేసి, బయటి సరుకును వదిలేయడం నాకు సబబుగా తోచదు.

అసలు చిక్కు 16వ సెక్షన్‌లో ఉంది. సెస్సు ముందు కేంద్ర ఖజానాలో పడుతుంది. పార్లమెంటు ఆమోదించాక, కేంద్రం తగుననుకున్నంత బోర్డుకు ఇస్తుంది. 1991-92 దాకా బోర్డుకు ముట్టింది సుమారు 902 కోట్లు. ఆ తర్వాత ఇవ్వడం ఆగిపోయింది. వసూలు మాత్రం ఆగలేదు. 2018-19 లెక్కలపై నివేదికలో ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్, దాదాపు పదేళ్లలో వసూలైన 1,24,399 కోట్లు బోర్డుకు చేరలేదని తేల్చింది. పైగా ఇది సెస్సు కాబట్టి రాష్ట్రాలకు పన్నుల వాటాలోనూ రాదు.

ఆ 902 కోట్లనే అప్పులిచ్చి, వడ్డీలు కూడబెట్టి బోర్డు ఏం చేసిందో విశాఖలో చూడొచ్చు. డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర గట్టి రాతిని తొలిచి, 13.3 లక్షల టన్నుల చమురు పట్టే గుహలు కట్టారు. గుహకు ఉక్కు తొడుగు లేదు. చుట్టూ రాతి పగుళ్లలోకి పైనుంచి నీళ్లు పంపుతూ ఉంటారు. నీటి ఒత్తిడి చమురు ఒత్తిడి కన్నా ఎక్కువ గనుక చుక్క బయటికి పోదు. యుద్ధమొచ్చి ఓడలు ఆగిపోతే దేశానికి అక్కరకొచ్చే నిల్వ అది. అందులో ఎక్కువ ఖర్చు బోర్డుదే.

ఇక భద్రత మాట. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావికి నిప్పంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఆ వేడి, ఆ రొద ఈ ప్రాంతం మరిచిపోలేదు. చమురు పరిశ్రమ భద్రత చూసే డైరెక్టరేట్‌కు గ్రాంటు ఇచ్చేదీ ఈ బోర్డే. బోర్డు చెయ్యి ఆడితే తనిఖీలు, పరికరాలు, పరిశోధన పెరుగుతాయి. ఆ మేలు ముందుగా బావుల పక్కన బతికే ఊళ్లదే.

పన్ను వేయొద్దని నేను అనను. ఏ పేరు చెప్పి వసూలు చేశారో ఆ పనికే ఖర్చు పెట్టాలంటాను. వచ్చే బడ్జెట్ సమావేశాలకు ముందు మీ ఎంపీని కలిసి, ఈ ఏడు చమురు సెస్సులో బోర్డుకు ఎంత ఇస్తున్నారో సభలో అడగమని చెప్పండి.