రెండుసార్లు విప్పిన శాలువా

అశోక్ నగర్‌లో మా హాస్టల్ టెర్రస్ మీద కూర్చుని మాట్లాడుతున్నా, కాబట్టి వెనకాల చప్పుళ్లు వస్తే ఏమనుకోకండి. కింద జిరాక్స్ షాపుల వాళ్లు ఇంకా షట్టర్లు దించలేదు.

ఈ రోజు టాపిక్ శాలువా. సన్మానాల్లో కప్పేది కాదు, నేను ఊలుతో అల్లింది. దాన్ని పూర్తి చేయడానికి నాకు రెండేళ్లకు పైనే పట్టింది. మధ్యలో రెండుసార్లు మొత్తం విప్పేశాను.

2022 అక్టోబర్ 16న గ్రూప్ 1 ప్రిలిమ్స్ రాశాను. బాగానే రాశాననిపించింది. ఆ వారమే ఫోన్‌లో 'లిటిల్ విమెన్' సినిమా చూశా, 2019లో వచ్చింది. అందులో అక్కాచెల్లెళ్లు ఊలు శాలువాలు కప్పుకుంటారు కదా, ఒకటి నా కళ్లల్లో పడిపోయింది. ఛాతీ మీద క్రాస్‌గా వేసుకుని, కొసలు వెనక్కి తీసుకెళ్లి నడుము దగ్గర కట్టేస్తారు. వెతికితే తెలిసింది, ఇలాంటి దాన్ని సోంటాగ్ అంటారట.

పేరు ఒక పాటగత్తెది. హెన్రియెట్టా సోంటాగ్, జర్మనీ ఆవిడ. 1824లో వియన్నాలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు అందులో పాడింది. అప్పటికి ఆవిడకి పద్దెనిమిదేళ్లు. 1854లో మెక్సికోలో కలరాతో చనిపోయింది. పేరు మాత్రం శాలువాకి మిగిలిపోయింది. 1860లో అమెరికాలో 'గోడీస్ లేడీస్ బుక్' అనే ఆడవాళ్ల పత్రిక దీన్ని ఎలా అల్లాలో అచ్చేసింది. అంచుకి తెల్ల ఊలు, దాని మీద నల్ల చుక్కలు వేసేవాళ్లు, రాజుల కోట్లకుండే బొచ్చులా కనిపించాలని. డబ్బులేని వాళ్ల రాజసం అన్నమాట.

నాకు నచ్చింది రాజసం కాదు. చేతులు ఖాళీగా ఉండడం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదివినవాళ్లకి తెలుసు, పొద్దున్నే వెళ్తే తప్ప కుర్చీ దొరకదు. దొరక్కపోతే బయట చెట్ల కింద. డిసెంబర్ పొద్దున చున్నీ కప్పుకుంటే జారుతుంది, దుప్పటి కప్పుకుంటే పేజీ తిప్పలేం. జారకుండా కట్టుకునేది కావాలి.

సుల్తాన్ బజార్ వెళ్లి ఊలు, సూదులు తెచ్చుకున్నా. ఆరు వందల చిల్లర అయ్యింది. నాన్న హాస్టల్‌కి పంపిన డబ్బులోంచి తీశా. ఇది చెప్పడానికి ఇప్పటికీ నాకు కొంచెం సిగ్గే. ఆ నెల టిఫిన్ మానేసి, మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనంతో సర్దుకున్నా.

అల్లడం హైస్కూల్లో ఒక మేడం నేర్పింది. సీదా, ఉల్టా, అంతే వచ్చు నాకు. సోంటాగ్‌కి అదే చాలు. అయిదు కుట్లు సీదా, అయిదు కుట్లు ఉల్టా, కొన్ని వరుసలయ్యాక తిరగేస్తే బుట్ట అల్లినట్టు గళ్లు వస్తాయి. వీపు కింది నుంచి సన్నగా మొదలుపెట్టి, కుట్లు పెంచుకుంటూ భుజాల దాకా వెళ్లాలి. మెడ దగ్గర రెండు పాయలుగా విడదీసి, ఒక్కోదాన్ని పొడుగ్గా, సన్నగా దించాలి.

తిప్పలు ఎక్కడంటే, పాత పత్రికల్లో కొలతలు సరిగ్గా ఉండవు. ఊలు ఎంత లావు, సూది ఏ నంబరు, ఏదీ తేలదు. ముందు నాలుగంగుళాల ముక్క అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో లెక్కపెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు. నెలన్నర అల్లాక భుజాల మీద వేసుకుంటే పదేళ్ల పిల్లకి సరిపోయేలా ఉంది. విప్పేశా. అది నా తప్పు, ఒప్పుకుంటున్నా.

మళ్లీ మొదలుపెట్టా. రోజుకి నాలుగు వరుసలే, రాత్రి పదిన్నర తర్వాత. 2023 మార్చిలో పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాశాం. సెప్టెంబర్‌లో అదీ రద్దు. ఆ రాత్రి నేను ఏడవలేదు. శాలువా తీసి కొస లాగడం మొదలుపెట్టా. మెడ దాకా వచ్చిన అల్లిక. పర్‌ర్‌ర్ అని వరుస తర్వాత వరుస ఊడిపోతుంటే, నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. అరగంటలో అయిపోయింది. తర్వాత మంచం మీద నూడుల్స్‌లా పడున్న ఊలు చూసి భయమేసింది.

నా రూమ్మేట్ నర్సాపురం వైపు అమ్మాయి, బ్యాంక్ ఎగ్జామ్స్‌కి ప్రిపేర్ అవుతోంది. లేచి లైటేసి, "పారేయకే, ఉతికితే సాఫ్ అవుతుంది" అంది. వాళ్ల అమ్మమ్మ లేసు అల్లుతుంది. మర్నాడు ఊలుని కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల దారంతో కట్టి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాం. పిండకుండా తీసి, టెర్రస్ మీద తీగకి వేలాడదీసి, కింద నీళ్ల బాటిల్ బరువు కట్టాం. వంకర్లు చాలావరకు పోయాయి.

ఆ పిల్ల దగ్గరే నర్సాపురం సంగతి విన్నా. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి లేసు అల్లే ఆడవాళ్ల గురించి 1982లో ఒక పుస్తకం తెచ్చింది. ఆవిడ చెప్పిందేంటంటే, వీళ్ల లేసు విదేశాలకి వెళ్తుంది, వ్యాపారులు బాగుపడతారు, కానీ అల్లేవాళ్లని పనివాళ్లుగా లెక్కపెట్టరు. ఇళ్లల్లో కూర్చున్న ఆడవాళ్లు ఖాళీ టైమ్‌లో చేసుకునేది అంటారు. "మా అమ్మమ్మకి ఖాళీ టైమ్ ఎప్పుడుందో నేను చూళ్లేదు" అంది నా రూమ్మేట్. 2024లో నర్సాపురం లేసుకి జీఐ ట్యాగ్ వచ్చింది. నేను ఆ లిస్టు బట్టీ పడుతుంటే, "మా అమ్మమ్మ నీకు ఒక మార్కు అయిపోయింది" అని నవ్వింది.

నన్ను కూడా హాస్టల్లో అందరూ టైమ్‌పాస్ అనే అన్నారు. పరీక్ష పెట్టుకుని ఇదేం పని అని. నేనూ చాలాసార్లు అదే అనుకున్నా. కానీ ఆ నెలల్లో నా రోజు మొత్తంలో "ఇంత అయ్యింది" అని చేత్తో పట్టుకుని చూసుకోగలిగింది ఆ నాలుగు వరుసలే. కరెంట్ అఫైర్స్ పాతబడిపోతాయి, మళ్లీ చదవాలి.

మూడోసారి ముందు ముక్క అల్లి, లెక్క చూసుకునే మొదలుపెట్టా. 2024 జూన్ 9న మళ్లీ ప్రిలిమ్స్. ఈసారి రద్దు కాలేదు, నేనే మెయిన్స్‌కి రాలేదు. దానికి ఎవర్నీ అనడానికి లేదు. అప్పటి నుంచి సాయంత్రాలు నారాయణగూడలో పిల్లలకి ట్యూషన్ చెప్తున్నా. హాస్టల్ ఫీజు ఇప్పుడు నాదే. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ మెట్రోలో ఒక్క స్టేషనే, అయినా నడిచే వెళ్తా, ఆ డబ్బు మిగుల్తుంది.

శాలువా ఆ డిసెంబర్‌లో పూర్తయింది. లైబ్రరీకి కట్టుకెళ్లింది మూడు వారాలే. సంక్రాంతికి ఊరికి వేసుకెళ్తే అమ్మ రెండు కొసలూ పట్టుకుని చూసింది. ఎంత పెట్టి కొన్నావని అడిగింది. నేనే అల్లానంటే కాసేపు మాట్లాడలేదు. అప్పుడు చెప్పేశా, ఊలు డబ్బుల సంగతి కూడా. మర్నాడు తెల్లారుజామున చూస్తే నా శాలువా కట్టుకుని బర్రె పాలు పిండుతోంది. "మంచిగుంది బిడ్డా, చేతులకు అడ్డం వస్తలేదు" అంది.

తిరిగి ఇవ్వలేదు. మా చిన్నమ్మకి కూడా ఒకటి కావాలట. రంగు మాత్రం ముదురుది, మాపు కనపడకుండా.